ఇంటిపట్టు వేళల ఫలసాయము

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌన్ ఆరంభమైనది. పంచాంగము ప్రకారము ఆనాడే శార్వరి నామ సంవత్సర ఉగాది. అంగళ్లు మూతవడి, రైతుబజార్లకు పోవు దారులపై కాపలాలు నిలిచి, ఇరుగుపొరుగుల గడప త్రొక్కుటకే జనులు జంకుచున్న ఆ ఉదయమున, ఉగాది పచ్చడికి వలసిన గుప్పెడు వేపపూత ఎక్కడినుండి తెచ్చుట యన్నది పట్టణములలోని ఎన్నో గృహములలో నిజమైన సమస్యయై కూర్చున్నది. వాకిట వేపచెట్టు గలవారు కొమ్మ వంచి కోసికొని, గోడ అవతలినుండి చేయి చాచిన పొరుగువారికి ఇంత పెట్టిరి. చెట్టు లేనివారిలో కొందరు నిరుడు ఎండబెట్టి దాచిన పూతతో సరిపెట్టుకొనగా, కొందరు చేదు లేని పచ్చడితోనే సంవత్సరాదిని ఆహ్వానించిరి. ఇల్లనునది సమస్తము బజారునుండి తెచ్చి వాడుకొను స్థలముగా మారి, తనంత తాను ఒక ఆకునైనను, ఒక పూవునైనను, ఒక చేతిపనినైనను పుట్టింపలేని స్థితికి వచ్చినదని మనలో అనేకులకు తొలిసారి స్ఫురించిన దినము అది.

తరువాతి వారములలో జరిగినది మనకందరకు జ్ఞాపకమున్నదే. ఖాళీ నూనెడబ్బాలలో ధనియాలు చల్లినవారు, పగిలిన బకెట్లలో మెంతులు విత్తినవారు, అటకమీది ఊలు ఉండలను దింపి ఏనాడో మరచిన అల్లికను వ్రేళ్లకు మరల నేర్పినవారు, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చుక్కల ముగ్గులు దిద్దించినవారు ప్రతివీధిలోను కనబడిరి. గ్రీష్మము ముదురు వేళ ఆరంభించిన తోటలగుటచే వానిలో అనేకము రోహిణి కార్తె ఎండకు మాడిపోయినవి. కార్యాలయములు తెరచిన పిదప మరికొన్ని నీరు పోయు దిక్కు లేక ఎండినవి. అయినను కొన్ని నిలిచినవి. నిలిచిన ఇండ్లను పరికించిన కొలది నాకు దృఢమగుచు వచ్చిన అభిప్రాయ మొక్కటి కలదు: చేతికి పనిలేని ఇంట కాలము గడవదు, చేతికి పనిగల ఇంట అదే కాలము చాలదు, తోటయు చేతిపనియు ఒకే కుదురున పెరుగునవి, ఒకదాని పంట రెండవదానికి ముడిసరుకు, రెండింటిని కలిపి పెంచుకొన్న వారియింటనే రెండును నిలుచుచున్నవి.

నేడును ఇంటిపట్టున నుండువారు తక్కువేమియు కారు. వారమున కొన్ని దినములు ఇంటనే కంప్యూటరు ముందు కూర్చుండి ఉద్యోగము చేయువారు, ఉద్యోగవిరమణ పొందినవారు, బిడ్డలు దూరదేశములకు పోగా పెద్ద యింట ఇద్దరే మిగిలిన దంపతులు, పసిబిడ్డల తల్లులు, మోకాళ్ల నొప్పులచే వీధి మలుపు దాటలేని వృద్ధులు, సెలవులలోని బాలబాలికలు. అమెరికాలోని కొడుకు యింటికో కూతురింటికో ఆరునెలలకని వెళ్లి, అక్కడి వెనుకవాకిట గోంగూరయు బచ్చలియు వేసి, చలి ముదరకమునుపే ఆకు కోసి నిలువపచ్చడి పెట్టి జాడీల కెత్తి మరలివచ్చు తల్లిదండ్రుల నెరుగని తెలుగు కుటుంబ మరుదు. వారికి ఆ పరాయి నేలపై పగళ్లను గడిపినది ఆ మడియే.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదనుటకు ప్రాచీన సాక్ష్యము కలదు. సుమారు పదునేడు వందల యేండ్ల క్రిందట వాత్స్యాయనుడు తన శాస్త్రారంభమున నాగరకులు నేర్వదగిన అరువదినాలుగు కళలను పేర్కొనెను. గీత వాద్య నృత్యములును చిత్రలేఖనమును వానిలో నుండుట అందరెరిగినదే. అదే వరుసలో బియ్యముతోను పూలతోను నేలపై తీర్చు ముగ్గులు కలవు, పూలదండలు కూర్చు రీతులు కలవు, సూదిపని కలదు, పేము అల్లిక కలదు, చెట్టుచేమల పోషణకు సంబంధించిన వృక్షాయుర్వేదమును కలదు. అదే గ్రంథమున గృహిణి వర్తనను చెప్పు భాగమున పెరటితోటకు చక్కని పటమే గీచినాడు: శుభ్రమైన నేలలో ఆకుకూరల మళ్లు, చెరకు పొదలు, జీలకర్ర, ఆవాలు, మల్లె, జాజి, నందివర్ధనము, మందారము, నడుమ ఒక బావి, కూర్చుండుటకు అరుగులు. వంగ, గుమ్మడి, ఆనప, దోస, కంద, ముల్లంగి మొదలైన వాని విత్తనములను తగిన కాలమున సేకరించి తగిన కాలమున విత్తవలెననియు చెప్పెను. నేను పేర్కొన్న ఆ నాలుగు పూలమొక్కలును నేటికిని తెలుగు వాకిళ్లను విడిచిపోలేదు. విత్తనము దాచు అలవాటు మాత్రము విడిచిపోయినది. సురపాలుడను మరియొక ప్రాచీనుడు వృక్షాయుర్వేదమున ప్రత్యేకముగా ఒక గ్రంథమే రచింపగా, ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నిలిచిన దాని వ్రాతప్రతిని ఆధారము చేసికొని నళినీ సాధలే చేసిన ఆంగ్లానువాదమును 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వెలువరించినది. మన నగరమునుండియే లోకమునకు తిరిగి అందిన ఆ శాస్త్రమును మన యిండ్లు ఎంతగా ఉపయోగించుకొన్నవో ఆలోచింపదగినది.

పెరడు లేని కాలమిది యని ఆక్షేపించువారికి మిద్దె కలదు. కథకులుగా ప్రసిద్ధులైన తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు హైదరాబాదు శివారున నారపల్లిలోని తమ యింటి పైకప్పుపై కూరలు, పండ్లు, పూలు పెంచి, ఆ అనుభవమును గ్రంథస్థము చేసి, 'మిద్దెతోట' యను మాటను తెలుగునాట ఇంటింటి మాటగా చేసిరి. ఒక రచయిత తన కలమునకు సమముగా పారను పట్టుట నాకు గొప్ప విషయముగా తోచును.

ఐతే మిద్దెపై తోట పెట్టబోవువారు మొక్కలకంటె ముందు బరువును గూర్చి యోచింపవలెను. ఈ భాగమును ఉత్సాహవంతులు తరచు దాటవేయుదురు కనుక కొంత విపులముగా చెప్పుచున్నాను. మనుషులు ఎక్కి తిరుగు పైకప్పు చదరపు మీటరునకు సుమారు 150 కిలోల అదనపు భారమును మోయునట్లు రూపొందింపవలెనని మన దేశపు భవననిర్మాణ ప్రమాణములు నిర్దేశించుచున్నవి. ఇరువది లీటర్ల బకెట్టును మట్టితో నింపి తడిపినచో ముప్పది కిలోల వరకు తూగును. అనగా చదరపు మీటరున అటువంటివి నాలుగు పెట్టి, నీళ్ల క్యానుతో మనము వాని నడుమ నిలిచినచో ఆ కప్పు శక్తి యంతయు వినియోగమైనట్లే. కావున బరువైన తొట్లను దూలముల మీదను, స్తంభముల నెత్తిన వచ్చు చోట్లను, గోడల వెంబడిని అమర్చి, కప్పు నడిమిభాగమున తేలికపాటి ఆకుకూరల మళ్లను మాత్రమే యుంచవలెను. తొట్టిని నేల కానింపక ఇటుకలపై నిలిపినచో అడుగున నీరు నిలువదు, చెమ్మ దిగదు, చీపురు ఆడును. కట్టి చాలకాలమైన యింటిపై పూనుకొనుటకు ముందు ఒక ఇంజనీరును పిలిచి కప్పు చూపించుట కర్చు కాదు, రక్షణ.

మట్టి విషయమున పెక్కు పాఠములు ప్రచారమున నున్నవి. నాకు నచ్చినది సులభమైనది: ఎర్రమట్టి ఒక పాలు, బాగుగ మాగిన పశువుల ఎరువుగాని వానపాముల ఎరువుగాని ఒక పాలు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు, దానిపై తొట్టికొక గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టు బరువును తగ్గించి తేమను పట్టియుంచును. కాని దానిలోని ఉప్పుపోవునట్లు రెండుమూడు నీళ్లలో కడుగక వాడినచో లేతవేళ్లు మాడును. మాగని పేడ వేసినను అంతే. పిడికిట బిగించిన మట్టి ఉండగా నిలిచి, వ్రేలితో తాకగానే విడిపోయినచో అది మొక్కకు తగిన మట్టి.

ఇక విత్తనము. ఆకుకూరలతో ఆరంభించుట ఉత్తమమని నా నిశ్చితాభిప్రాయము, ఏలయన మొదటి నెలలోనే వంటింటికి ఏదో యొకటి చేరని తోటపై గృహస్థునకు శ్రద్ధ నిలువదు. మెంతులు మూడునాలుగు దినములలో మొలకలెత్తును. తోటకూర గింజ ఆవగింజకంటె చిన్నది. దానిని ఊరక చల్లినచో ఒకచోట కుప్పయై మరియొకచోట శూన్యమగును గనుక గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లుట పెద్దల వాడుక, నెల తిరుగునప్పటికి కోతకు వచ్చును. ధనియమని మనమనుకొను గుండ్రని గింజ వాస్తవమునకు రెండు విత్తనముల జంట. దానిని పీటపై పోసి అరచేతితో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి విత్తినచో మొలక త్వరగాను దట్టముగాను వచ్చును. కొత్తిమీరకు ఎండలు గిట్టవు. వేసవిలో ఆకు తొడుగకమునుపే పూతకు పోవును. పుదీన, బచ్చలి, పొన్నగంటి కూరలకు విత్తనమే అక్కరలేదు. వంటకు తెచ్చిన కట్టలోని ముదురు కాడలను నాలుగు మట్టిలో గ్రుచ్చిన చాలును.

తీగజాతుల దగ్గరకు వచ్చునప్పటికి తోటపని ఒక పరిశీలనాశాస్త్రముగా మారును. క్రొత్తగా బీరపాదు పెట్టినవారు పది పదునైదు దినములు పూలు విరివిగా పూచి రాలిపోవుట చూచి పాదు గొడ్డువోయినదని పెరికివేయుట కలదు. ఆ మొదటి పూలన్నియు మగపూలు. గుత్తులు గుత్తులుగా వచ్చి రాలునవి అవి. ఆడుపూవు ఒంటిగా, తన వెనుక వ్రేలెడు పిందెను మోసికొని, కొంత ఆలసించి వచ్చును. బీరపూలు సాయంకాలమున, ప్రొద్దు వాలిన పిదప విచ్చును, ఆనపపూలును అంతే. గుమ్మడి, కాకర పూలు ప్రొద్దుటి వేళ విచ్చును. పట్టణపు మూడవ అంతస్తునకు ఆ వేళకు తుమ్మెదయో రెక్కలపురుగో రాకపోయినచో పిందె పసుపుబారి రాలును. అప్పుడు మనమే పూనుకొని, అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తొలగించి, దాని నడిమి పుప్పొడిని ఆడుపూవు నడుమనున్న కీలాగ్రమునకు మృదువుగా అద్దవలెను. మరునాటికి ఆ పిందె తొడిమ గట్టిపడి, తల క్రిందికి వంచి, ఆకుపచ్చగా నూరుట మొదలుపెట్టును. దీపాలు పెట్టు వేళ పదిమంది ఇండ్లలో టెలివిజను ముందు కూర్చుండు సమయమున, మిద్దెపై ఒక పసుపుపచ్చని బీరపూవు చెంత తలవంచి నిలిచిన మనిషికి ఆ దినమంతటి అలసటయు ఎంతగా తీరునో అనుభవించినవారికే తెలియును.

పొట్లకాయది మరియొక చోద్యము. దాని పూవు సన్నని తెల్లని దారపుపోగుల అంచులతో రాత్రివేళ విచ్చి పరిమళించును. పిందె జానెడు కాగానే కొనకు చిన్న రాయి కట్టకపోయినచో అది పాములవలె చుట్టలు చుట్టుకొనును. మా వీధిలో ప్రక్కప్రక్క మిద్దెలపై తోటలున్న ఇద్దరు గృహిణుల నడుమ వేకువన సాగు సంభాషణలో సగము దీనిని గూర్చియే. "వదినగారూ, మీ పొట్లకి రాయి కట్టలేదేమండీ? అప్పుడే వంకర తిరిగిపోతోంది చూడండి" అని ఒకరు. "రాయి దొరికింది గాని పురికొస దొరకలేదండీ, మా వారు పాతచీర అంచు చింపి ఇస్తానన్నారు" అని రెండవవారు. ఒకే వీధిలో చిరకాలముగ కాపురముండియు కేవలము చిరునవ్వుతో సరిపెట్టుకొన్న ఆ రెండు కుటుంబముల నడుమ నేడు పెరుగు తోడునుండి పెండ్లి సంబంధముల వరకు మాటలు నడచుచున్నవి.

చీడపీడలను గూర్చి క్లుప్తముగా చెప్పుదును. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ రాని తోట లేదు. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను, అది నీటిలో కలియుటకు కొద్ది సబ్బునీటిని చేర్చి, ఎండ తగ్గిన పిదప ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లుచు వచ్చినచో చాలవరకు అదుపులోనుండును. వంటింటి తొక్కలను ఎండుటాకులతో పొరలుపొరలుగా చిల్లులుగల డబ్బాలో వేసి, వారమునకొకసారి తిరుగవేయుచుండినచో రెండుమూడు నెలలలో ఎరువగును. దుర్వాసన వచ్చినదనగా తడి యెక్కువై గాలి తక్కువైనదని తెలిసికొని మరి గుప్పెడు ఎండుటాకులు వేయవలెను.

ఈ తోట కుటుంబమును పోషించునా యని అడుగువారికి సత్యమే చెప్పవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహారసూచనలలో, దినమునకు రెండువేల కేలరీల ఆహారమున ఆకుకూరలతో కూడ 400 గ్రాముల కూరగాయ లుండవలెనని చెప్పినది. అనగా నలుగురున్న ఇంటికి దినమునకు కిలోన్నరకు పైమాటే. బాల్కనీలోని తొట్లు అంతటి పంట నీయవు. విశాలమైన మిద్దె, నిత్యశ్రద్ధ గలవారు దానికి చేరువ కాగలరు. కాని ఆకుకూర, కరివేపాకు, పచ్చిమిర్చి, కొత్తిమీర ఇంటనే కోసికొనుట సామాన్యునకు సాధ్యము. పైగా కోసిన ఘడియలోనే వండిన చుక్కకూర పప్పు రుచి సంతలో మూడు చేతులు మారివచ్చిన కట్టకు రాదు.

కూరలకు సగము చోటిచ్చి, సగము పూలకు విడువుడని నా మనవి. మల్లెకు చలికాలమున నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, తరువాత ఎరువువేసి నీరు పెట్టినచో ఎండలు మొదలగునప్పటికి మొగ్గ తొడుగును. ఆ కత్తిరింపునకు మనసొప్పక విడిచినవారి మల్లె ఆకులతోనే సరిపెట్టును. కనకాంబరము నీడనైనను పూచును. నందివర్ధనమునకు మన పోషణతోనే పని తక్కువ. మంచమున నున్న రోగికి పచ్చని చెట్టు కిటికీలోనుండి కనబడుటయే మందులలో ఒక మందని 1984లో రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో చూపినాడు: పిత్తాశయపు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో, చెట్లు కనబడు గదులలోనివారు ఇటుకగోడ మాత్రమే కనబడు గదులలోనివారికంటె ముందుగ ఇంటికి పోయిరి, తీవ్రమైన నొప్పి మందులును తక్కువ వాడిరి. కదలలేని పెద్దలున్న యింట వారి మంచమునకెదురుగ కిటికీ యవతల ఒక శంఖుపుష్పపు తీగ నల్లించుట కంటె సులభమైన సేవ యేమున్నది?

పూలు పూచిన తరువాతనే అసలు ముచ్చట. పూవును చూచి మురియుట ఒక యెత్తు. దానితో ఏదైన చేయుట మరియొక యెత్తు. మాలకట్టుటనే తీసికొనుడు. అరటినారను తడిపి, రెండేసి మొగ్గలు ఎదురెదురుగ పేర్చి, ఎడమచేతి వ్రేళ్లనడుమ నారను మెలివేసి బిగించు ఆ పనిని, ఏ బొమ్మను చూచియు నేర్చుకొనలేము; నేర్చినవారి ప్రక్కన కూర్చుండి వారి వ్రేళ్లను చూచి నేర్వవలెను. అమ్మమ్మ యున్న యింటి పిల్లలకు సెలవులలో ఇంతకు మించిన గురుకులము లేదు.

వాడిపోయిన బంతిపూలును వ్యర్థములు కావు. దసరాకు కట్టిన తోరణములు తీసివేసిన పిదప ఆ రేకులను నీటిలో గంటసేపు సన్నని సెగపై కాచి వడకట్టినచో చిక్కని పసుపురంగు దిగును. నూలుగుడ్డను ముందు కరక్కాయ కషాయములో నానబెట్టి, ఆరిన పిదప పటిక కలిపిన నీటిలో ముంచి, ఆ తరువాత ఈ రంగులో వేసినచో రంగు పోగున నిలుచును. ఇది శ్రీకాళహస్తి కలంకారీ శిల్పులు తరతరములుగ ఆచరించు విద్యకు ఇంటిమెట్టున లభించు తొలిపాఠము: వారును గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టి, వెదురుపుల్లకు నూలు చుట్టిన కలముతో, ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి తీసిన నల్లరంగుతో గీతలు గీచి, ఎరుపు రావలసినచోట పటికను పూసి, స్వర్ణముఖీ తీరమున ఉతికి ఆరవేయుదురు. పాలలోని కొవ్వు రంగును ప్రాకనీయదు. పటిక రంగును పట్టియుంచును. మన వంటింటి గిన్నెలో ఒక చేతిరుమాలును పసుపుగా మార్చి చూచిన బాలికకు ఆ శిల్పుల శ్రమ విలువ యేమిటో ఎవరును ప్రత్యేకించి బోధింపనక్కరలేదు.

తోటనుండి చేతికి వచ్చు వస్తువుల కంతులేదు. శంఖుపుష్పపు నీలికషాయములో నిమ్మరసము పిండగానే అది ఊదాయై గులాబియగును. పిల్లలకు రసాయనశాస్త్రమున దీనికంటె మంచి ప్రవేశము లేదు. నల్లని బచ్చలిపండ్లను చిదిమి ఆ రసముతో కాగితముపై బొమ్మలు వేయవచ్చును, అది కొలది దినములలో వెలిసిపోవుట వేరు సంగతి. ముదిరి ఎండిన నేతిబీర పీచు ఒంటికి రుద్దుకొనుటకు మేలైనది. ఎండిన ఆనపబుఱ్ఱను తొలిచి పిచ్చుకలకు గూడుగా వ్రేలాడదీయవచ్చును. రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గ్రుచ్చి చిన్న రథము చేసి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించు ఆచారము మనకున్నది. ఆ నాలుగు కాయలు సంతలో కొన్నవికాక తన చేతితో పెట్టిన పాదువైనచో ఆ రథము కట్టు పిల్లవాని ముఖము చూడవలెను.

ముగ్గును గూర్చి చెప్పక ఈ ప్రసంగము ముగియదు. ధనుర్మాసపు తెల్లవారుజామున పేడనీళ్లు చల్లిన వాకిట, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి పిండి జారవిడుచుచు, లెక్క తప్పక చుక్కలు పెట్టి, ఆ చుక్కలను తాకక వాని చుట్టును ఒకే గీతను తిప్పి మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలుపు మెలికముగ్గును మన తల్లులు ఏ గణితగ్రంథమును చదివి నేర్వలేదు. దానికి సహోదరియైన తమిళుల కోలమును మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణియు ఆయన సహచరులును కంప్యూటరు శాస్త్రదృష్టితో పరిశీలించి, ఆ రచనల నియమములను వ్యాకరణముగా వ్రాసి 1974లో శాస్త్రపత్రికలో ప్రకటించిరి. ఆ స్త్రీలు తరములుగ వాకిళ్లపై ఆచరించినది ఉన్నతగణితమే. అపార్టుమెంటు గుమ్మమున స్టిక్కరు ముగ్గు అంటించువారు అది తీసివేసి, వారమునకొక దినమైనను బియ్యపుపిండితో చిన్నముగ్గు తీర్చినచో చీమలకు పిండియు, చేతికి నేర్పును దక్కును.

సూదిపని దగ్గర ఒక మాట నిష్కర్షగా చెప్పవలసి యున్నది. పశ్చిమగోదావరిలో నరసాపురము చుట్టుప్రక్కల గ్రామములలో స్త్రీలు 19వ శతాబ్దిలో మిషనరీల వలన నేర్చిన లేసు అల్లికను నేటికిని ఇండ్ల అరుగులపై కొనసాగించుచున్నారు. వంకీసూదితో సన్నని నూలును కొక్కెము వేసి లాగి వారల్లు పువ్వులు ఓడలెక్కి దేశదేశములకు పోయినవి. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపును లభించినది. ఐతే 1982లో మారియా మీస్ అను జర్మను విదుషి ఆ స్త్రీలను గూర్చి ఒక గ్రంథము వ్రాసి, వారు గృహిణులు, తీరిక వేళ కాలక్షేపమునకు అల్లుచున్నారు అను మాటను అడ్డుపెట్టుకొని వారికి అత్యల్పమైన కూలి ముట్టజెప్పబడినదని నిరూపించెను. మనకు వ్యాపకమైనది వేరొకరికి అన్నము. ఆ వంకీసూది పట్టి ఒక్క బల్లగుడ్డ అంచు అల్లిచూచినవారు, ఆ పనికి ఎన్ని సాయంకాలములు పట్టునో, మెడయు కండ్లును ఎంత నొచ్చునో తెలిసినవారగుదురు. అట్టివారు లేసు కొనునప్పుడు బేరమాడరాదు. ఇంట కళాభ్యాసము చేయుటవలన కలుగు ఉత్తమఫలములలో శిల్పిపట్ల మర్యాద యొకటని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఇంకొకటి. తోటయు చేతిపనియు గృహిణి నెత్తిన మరియొక చాకిరిగా మోపరాదు. వాత్స్యాయనుడు తోటను గృహిణికే యప్పగించెను. అది ఆకాలపు వ్యవస్థ. నేడు మొక్కలకు నీళ్లు మోయుట, మట్టి కలుపుట, పందిరి కట్టుట, వాడిన కుండీలు కడుగుట ఇంటిలోని పురుషులును కుమారులును పంచుకొనదగిన పనులు. వంట తరువాత అలసిన తల్లి ఒకతెయే సాయంకాలపు మెట్లు బకెట్లతో ఎక్కు యింటిలో ఆ తోట వర్షకాలము దాటి నిలుచుట నేను చూడలేదు. ఫ్లాటులలో నివసించువారు సంఘముగా కూడి, పైకప్పునకు ముందు నీరింకని పూత వేయించి, వంతులు నిర్ణయించుకొని మొదలుపెట్టినచో తగవులుండవు. ఎండతీవ్రత అధికమైన చోట సగము నీడనిచ్చు పచ్చవలను రెండువేసవి నెలలు కట్టిన చాలును. ఊరు వెళ్లవలసి వచ్చినప్పుడు నీరు పోయు పొరుగువారిని ముందే కుదుర్చుకొని, తిరిగివచ్చి వారికొక బుట్టెడు కూర ఇయ్యవలెను.

పరికరముల విషయమున ఎవరును తొందరపడవలదు. కొందరు విత్తు పడకముందే రంగురంగుల కుండీలు, చేతిపారలు, చేతితొడుగులు కొని తెచ్చి, ఉత్సాహమంతయు కొనుగోలులోనే వ్యయము చేయుదురు. ఒక పాత బకెట్టు, దాని అడుగున నాలుగు చిల్లులు, ఒక గరిటె చాలును. కడియము, కడియపులంక నర్సరీలకు పోయి అంటుమొక్కలు ఏరుకొను వేడుక రెండవ సంవత్సరమునకు దాచుకొనుడు. అంటుకట్టుట, బోన్సాయి, గులాబుల సేకరణ మొదలైనవి ఇంకను తరువాతి సంగతులు.

మృగశిర కార్తె జూన్ 8వ తేదీ ప్రాంతమున ప్రవేశించుచున్నది. తొలకరి చినుకు పడిన దినముననే బీర, ఆనప, కాకర, పొట్ల, గుమ్మడి పాదులు పెట్టుడు. ఒక తొట్టిలో గోంగూరయు, ఒకదానిలో తోటకూరయు చల్లుడు. బంతినారు అప్పుడే పోసినచో దసరా నాటికి పూలు చేతికి వచ్చును. విత్తనములకు అంగడికి పోవుటకు ముందు మీ వీధిలో పాదులున్నవారి తలుపు తట్టి అడుగుడు. మీ పాదున మొదటి మంచికాయను కోయక ముదరనిచ్చి, గింజలు తీసి, బూడిదలో దొర్లించి ఎండబెట్టి, కాగితపు పొట్లముపై పేరును సంవత్సరమును వ్రాసి దాచి, వచ్చే మృగశిరకు అడిగినవారికి ఇండు.